సేవకు ముందు శిక్షణ
(విదేశాలకు వెళ్ళే వాలంటీర్ల తొలి మూడు నెలలు)

విదేశం అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి ఉద్యోగం, డాలర్లు. కానీ సంపాదన కోసం కాకుండా, మరో దేశంలోని పల్లెకు వెళ్ళి పిల్లలకు లెక్కలు చెప్పేవారు, నర్సుగా పనిచేసేవారు కూడా ఉన్నారు. వారినే వాలంటీర్లు అంటారు. పెట్టె సర్దుకుని విమానం ఎక్కినంత మాత్రాన ఎవరూ వాలంటీరు కారు. ముందు శిక్షణ పొందాలి. ఆ శిక్షణలో తొలి రోజులు ఎలా గడుస్తాయో తెలుసుకుంటే, హాస్టల్‌లో పెరిగిన మనకు అవి అంత కొత్తగా అనిపించవు.

పీస్ కోర్ ప్రారంభం

ఇలాంటి సంస్థల్లో బాగా పేరున్నది అమెరికా ప్రభుత్వానికి చెందిన పీస్ కోర్, అంటే శాంతి దళం. అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెనడీ 1961 మార్చి 1న దీన్ని ప్రారంభించారు. అదే ఏడాది ఆగస్టు 30న తొలి బృందంగా 51 మంది ఉపాధ్యాయులు ఆఫ్రికాలోని ఘనా దేశ రాజధాని అక్రాలో దిగారు. దిగిన వెంటనే విమానాశ్రయంలోనే అక్కడివారి త్వీ భాషలో పాట పాడారు. తమ భాషలో పాడిన ఈ కొత్తవాళ్ళు అక్కడివారికి ఆ విధంగా పరిచయమయ్యారు.

మొదట్లో శిక్షణ ఎక్కువగా అమెరికా విశ్వవిద్యాలయాల్లోనే జరిగేది. కొందరిని ప్యూర్టోరికో దీవిలోని శిబిరానికి పంపి కొండలు ఎక్కించేవారు, తాడు పట్టుకుని దిగడం నేర్పేవారు, నీళ్ళలో మునిగిపోకుండా ఉండే మెళకువలు చెప్పేవారు. అయితే పల్లెలో పనిచేయడానికి కండబలం ఒక్కటే చాలదు. ఆ ఊరి మాట, తిండి, మర్యాద తెలియాలి. అవి ఆ ఊళ్ళో ఉంటేనే వస్తాయి. అందుకే తరువాతి కాలంలో శిక్షణ క్రమంగా పనిచేయబోయే దేశాలకే మారింది.

మన దేశంలో కూడా 1961 నుండి 1976 వరకు పీస్ కోర్ వాలంటీర్లు పనిచేశారు. వారిలో ఒకరు లిలియన్ కార్టర్. తరువాత అమెరికా అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్‌కు ఆమె తల్లి. 1966లో, 68 ఏళ్ళ వయసులో, బొంబాయి దగ్గరి విక్రోలీకి నర్సుగా వచ్చారు. నేర్చుకోవడానికి వయసు అడ్డు కాదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంటుంది?

ఆ మూడు నెలలు

పీస్ కోర్‌లో సేవాకాలం రెండేళ్ళు. దానికి ముందు దాదాపు మూడు నెలలు శిక్షణ. ఈ మూడు నెలలూ వారు వాలంటీర్లు కారు, శిక్షణార్థులు మాత్రమే. చాలా దేశాల్లో వారిని స్థానిక కుటుంబాల ఇళ్ళలో ఉంచుతారు. ఆ ఇంటివాళ్ళు పెట్టిందే తినాలి. కుళాయి లేనిచోట బకెట్ నీళ్ళతోనే స్నానం ముగించాలి. రోజూ గంటల తరబడి, నలుగురైదుగురికి ఒక టీచరు చొప్పున, స్థానిక భాష నేర్పుతారు. నీళ్ళు కాచి తాగడం, మలేరియా రాకుండా జాగ్రత్తపడటం, పెద్దలను పలకరించే పద్ధతి, చేయబోయే పని - ఇవన్నీ పాఠాలే. చివర్లో భాషలో పరీక్ష ఉంటుంది. శిక్షణ సంతృప్తికరంగా పూర్తిచేసినవారితోనే ప్రమాణం చేయిస్తారు.

పట్టా పుచ్చుకున్నవాడు కూడా ఆ ఇంట్లో చిన్నపిల్లవాడితో సమానం. ఉప్పు కావాలని అడగడానికి కూడా మాట రాదు. ఆ ఇంటి పిల్లలే అతని మాటలు సరిదిద్దుతారు. నేర్పడానికి వచ్చినవాడు ముందు నేర్చుకోవాలి. ఈ శిక్షణలోని సారమంతా ఇదే.

ఒక కార్డు తెచ్చిన తంటా

ఈ సంగతి పీస్ కోర్‌కు మొదటి ఏడాదే అనుభవమైంది. 1961 అక్టోబరులో నైజీరియాలోని ఇబాదాన్ విశ్వవిద్యాలయ కళాశాలలో ఒక బృందం శిక్షణ పొందుతోంది. అందులోని ఒక యువతి తన స్నేహితుడికి పోస్టుకార్డు రాసింది. ఇక్కడ ప్రజలు వీధుల్లోనే బతుకుతారని, పరిస్థితులు ఘోరంగా ఉన్నాయని అందులో ఉంది. పోస్టులో వేసేలోపే ఆ కార్డు జారిపోయి నైజీరియా విద్యార్థుల చేతికి చిక్కింది. వారు దాని ప్రతులు తీసి పంచారు. నిరసనలు చెలరేగాయి. అమెరికన్లు విడిగా ఉండిపోయి, చివరకు నిరాహార దీక్షకు దిగారు. కొన్ని రోజుల తరువాత విద్యార్థులు వారితో మాట్లాడటానికి ఒప్పుకున్నారు. కార్డు రాసిన యువతి స్వదేశానికి వెళ్ళిపోయింది. కార్యక్రమం మాత్రం కొనసాగింది.

ఆమెకు కనిపించింది పేదరికమే కావచ్చు. కానీ అక్కడ బతుకుతున్న మనుషులకు ఆత్మగౌరవం ఉంటుంది. ఈ విషయం మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. మన హాస్టల్‌కు ఎవరైనా వచ్చి "పాపం" అని జాలిపడితే మన మనసు ఎలా ఉంటుందో మనకు తెలుసు. పక్కన కూర్చుని లెక్క చెప్పిన సీనియర్ అన్నయ్యను మాత్రం ఏళ్ళు గడిచినా మరచిపోము. జాలికీ సేవకూ ఉన్న తేడా అదే.

మనకూ దారి ఉంది

పీస్ కోర్‌లో అమెరికా పౌరులకే అవకాశం. అన్ని దేశాలవారికీ తలుపులు తెరిచింది ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం. 1970లో సర్వప్రతినిధి సభ దీన్ని ఏర్పాటు చేసింది. ప్రధాన కార్యాలయం జర్మనీలోని బాన్ నగరంలో ఉంది. 18 నుండి 26 ఏళ్ళవారికి ప్రత్యేకంగా యువ వాలంటీర్ల విభాగం ఉంది. జీవన భృతి ఇస్తారు. దరఖాస్తుకు రుసుము లేదు. కాబట్టి డబ్బు కడితే పంపిస్తామనే దళారుల మాట నమ్మవద్దు.

అంతకంటే ముందు, కాలేజీలో చేరగానే ఎన్.ఎస్.ఎస్.లో చేరండి. 1969లో ప్రారంభమైన ఈ పథకం కింద దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం నిర్వహిస్తారు. అది మన మొదటి శిక్షణ.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ఇల్లు విడిచి ఉండటం, వేరే ఊరివాళ్ళతో ఒకే గదిలో సర్దుకుపోవడం, ఉన్నదాన్ని పంచుకుని తినడం మీకు ఇప్పటికే వచ్చు. పట్నం పిల్లలు మూడు నెలలు కష్టపడి నేర్చుకునే పాఠం ఇది. దీనికి ఒక భాషను, ఒక పనిని జోడించండి. సాయం పొందిన చేతులు సాయం చేయగలవని నిరూపించండి.