బంగారి ఊపిరిలో బూజు

అశోక్‌నగర్‌లో పందిని పెంచుకున్నారంటే ఎవరు నమ్ముతారు? కుక్క వున్నదంటేనే యిల్లు అద్దెకివ్వడానికి వెనకాముందాడే పేట మాది. అయినా మా వీధి చివరి యింట్లో, కిందటి వానకాలంలో, ఒక పందిపిల్ల వచ్చి చేరింది. ఏదో ఫారంలో తోడబుట్టిన వాటితో పోటీపడి పాలు తాగలేక చిక్కిపోతుంటే, ఆ యింటి మనుమరాలు, యింటర్మీడియెట్ చదివే పిల్ల, జాలిపడి చంకన పెట్టుకుని తెచ్చేసింది.

నాయనమ్మ తులసికోట దగ్గరే నిలబడి ముక్కు మూసుకుంది. తాతయ్య మాత్రం, “పోనీలేవే, సాక్షాత్తు విష్ణుమూర్తి ఎత్తిన అవతారం” అని సర్దిచెప్పాడు. బంగారి అని పేరు పెట్టారు. మొదట్లో మొహం చిట్లించిన యిరుగుపొరుగు వారమైనా తిరక్కుండా సొరకాయ చెక్కులూ, అరటితొక్కలూ సంచిలో వేసి పంపడం మొదలుపెట్టారు. పంది చాలా తెలివైన జంతువు. పిలిస్తే వచ్చేది. తాతయ్య చిక్కడపల్లి మార్కెట్టునుంచి వచ్చే వేళకు గేటు దగ్గర కాచుకుని వుండేది.

అంతలో ముసురు పట్టింది. బంగారికి చలి తగులుతుందని కారు షెడ్డులో వరిగడ్డి పరిచారు. జల్లు పడకుండా టార్పాలిన్ దించి కట్టారు. మొక్కజొన్న బస్తా గోడవార నేలమీదనే పెట్టారు. గడ్డి తడిసినప్పుడల్లా పైన కొత్తగడ్డి వేశారే గాని, కిందిది ఎత్తి పారెయ్యలేదు. అంతా ప్రేమతో చేసిందే.

మూడోవారానికి బంగారి మేత తగ్గించింది. తర్వాత దగ్గు. ఆ తర్వాత పడుకున్నచోటే డొక్కలెగరెయ్యడం. పడిశం భారమనుకుని అయిదురోజులు సూదిమందు వేయించారు. గుణం కనిపించలేదు. మరో డాక్టరు ఎక్స్‌రే తీయించి, మచ్చలు చూసి అనుమానపడి, ఊపిరిగొట్టంలోని తడిని పరీక్షకు పంపించాడు. ఫలితం వచ్చేలోపల బంగారి పోయింది. కోసి చూస్తే ఊపిరితిత్తుల్లో బఠాణీగింజలంత తెల్లటి గడ్డలు. పరీక్షలో తేలిన పేరు ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్. అంటే ఒక బూజు.

పొగవంటి శత్రువు

“ఏం పరిచారు దానికింద?” అని అడిగాడా డాక్టరు. షెడ్డులోకి వచ్చి కర్రతో కిందిపొర లేవనెత్తాడు. బూడిదరంగూ ఆకుపచ్చా కలిసిన దుమ్ము పొగలా లేచింది. ఫ్యూమిగేటస్ అన్న లాటిన్ మాటలో వున్నది కూడా పొగే!

ఆ దుమ్ములోని ఒక్కొక్క బీజం రెండుమూడు మైక్రాన్లు. తలవెంట్రుక మందంలో యిరవయ్యోవంతు కూడా వుండదు. అందుకే ముక్కులోనో గొంతులోనో చిక్కుకోకుండా తిన్నగా ఊపిరితిత్తుల అడుక్కు పోతుంది. యివి గాలిలో ఎప్పుడూ వుంటాయి. నేనూ మీరూ రోజూ పీలుస్తూనే వున్నాం. మన ఊపిరితిత్తుల్లోని కాపలా కణాలు వాటిని ఎప్పటికప్పుడు మింగేస్తున్నాయి గనుక బతికిపోతున్నాం. చాలా రకాల బూజులకు ఒంటి వెచ్చదనం పడదు. యీ బూజు అలా కాదు, పంది ఒంట్లోని 39 డిగ్రీల వేడిలో హాయిగా మొలకెత్తుతుంది.

బీజాలు మితిమీరి లోపలికి పోయినా, ఒంట్లో కాపలా సన్నగిల్లినా ప్రమాదం. బంగారికి రెండూ జరిగాయి. అసలే బలహీనమైన పిల్ల. పైగా పందికి ముట్టెతో నేల పెళ్లగించడం పుట్టుగుణం. గడ్డిలో ముట్టె దూర్చి బుస్సుమని పీల్చినప్పుడల్లా బీజాలు గుప్పున లోపలికి పోయాయి.

పందుల్లో యీ జబ్బు అరుదే. పక్షుల్లో మాత్రం ఎక్కువ. 1815లోనే ఒక పక్షి ఊపిరితిత్తుల్లో బూజును చూశారు. 1890లో పారిస్ డాక్టర్లు యింకో చిత్రం కనిపెట్టారు. అక్కడ పావురాలను బలిపించే పనివాళ్లు గింజలు తమ నోట్లో పోసుకుని, పావురాల నోట్లోకి ఊదేవారు. వాళ్లకు క్షయలాంటి జబ్బు చేసేది. చూడగా అది క్షయ కాదు, గింజలమీది బూజు!

ఊపిరికే కాదు, కడుపుకూ బూజు చేటే. 1995లో మన దక్కను పల్లెల్లో అకాల వర్షాలకు తడిసిన జొన్నా, మొక్కజొన్నా తిని 27 గ్రామాలవాళ్లు కడుపునొప్పితో, విరేచనాలతో బాధపడ్డారు. ఫ్యుమోనిసిన్ అనే బూజువిషం అందుకు కారణమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు తేల్చారు. పందులు యీ విషమున్న మొక్కజొన్న ఎక్కువగా తింటే వాటి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఉడకబెట్టినంత మాత్రాన యీ విషం పోదు.

ఏం చెయ్యాలి?

ఆస్పర్జిల్లస్ జబ్బు పందినుంచి పందికి గాని, మనిషికి గాని అంటుకునేది కాదు. కాని అదే గడ్డిదుమ్ము పీల్చే మనిషికి ఉబ్బసం వున్నా, స్టెరాయిడ్లు వాడుతున్నా ప్రమాదమే. 2021లో కోవిడ్ వెనకాలే వచ్చిన బ్లాక్ ఫంగస్ రోగులతో కోఠీ ఇ.ఎన్.టి. ఆస్పత్రి నిండిపోవడం మనం మరచిపోలేదు. ఆ బూజు వేరు. అదను చూసి దెబ్బతీసే గుణం ఒకటే.

కింది గడ్డి తియ్యకుండా పైన కొత్తది వెయ్యకండి. ముక్కవాసన వేసే గడ్డి ఎండబెట్టినా పనికిరాదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, నీళ్లు చల్లి, ఎత్తి పారెయ్యండి. జల్లు ఆపండి గాని గాలి ఆపకండి. మేతబస్తా చెక్కమీద, గోడకు ఎడంగా వుంచండి. మామూలు సూదిమందుకు దగ్గు లొంగకపోతే, “బూజేమో చూడండి డాక్టరుగారూ” అని మీరే అడగండి. బాక్టీరియాను చంపే మందు బూజును చంపదు. బూజుకు వేరే మందులున్నాయి. అవి ఖరీదైనవి, వారాల తరబడి వాడాలి. ఆలస్యమైతే అవీ చాలవు. చిక్కడపల్లివాళ్లకు నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల అరగంట నడక కూడా లేదు.

అంతా అయ్యాక ఆ అమ్మాయి మా గుమ్మంలో నిలబడి, “నేనే చంపేశానా సార్?” అని అడిగింది. ముప్ఫైమందికి పాఠం చెప్పే నాకు వెంటనే మాట రాలేదు. “నీ ప్రేమలో లోపం లేదమ్మా. దానికి తెలియాల్సింది తెలియలేదు, అంతే” అన్నాను.

యీ ఏడు మళ్లీ ముసురు పట్టింది. నిన్న అటు వెడుతూ చూశాను. షెడ్డులో టార్పాలిన్ సగానికి ఎత్తి కట్టి వుంది. ఎవరో వదిలేసిన రెండు కుక్కపిల్లలు ఒక మూల చెక్కబల్లమీద పడుకున్నాయి. ఆ పిల్ల వంగి, వాటి కింది గోనెపట్టా చేత్తో తడిమి, పొడిగా వున్నదని చూసుకుని కాలేజీకి బయలుదేరింది.