ఉల్లేఖనల లెక్కలో యల్లాప్రగడ సుబ్బారావు

ఫ్రీమాంట్ పరిసరాల్లోని ప్రయోగశాలల్లో పనిచేసే తెలుగు జీవవైద్య పరిశోధకులు ‘అసాధారణ ప్రతిభ’ తరగతిలో గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేయదలచినప్పుడు, తమ వ్యాసాలను ఇతరులు ఎన్నిసార్లు ఉల్లేఖించారో ముందుగా లెక్క తీస్తారు. నిజానికి నిబంధనల్లో అటువంటి అంకె ఏదీ లేదు. నోబెల్ స్థాయి బహుమతి లేనివారు పది ప్రమాణాలలో కనీసం మూడింటికి సాక్ష్యం చూపాలి. వాటిలో ఒకటి, తమ రంగంలో విశేష ప్రాధాన్యం గల మౌలిక కృషి. ఆ కృషిని ఉల్లేఖనల సంఖ్య ఎంతవరకు కొలవగలదు? యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) జీవితమే ఇందుకు సమాధానం.

భీమవరంలో పుట్టి 1923లో బోస్టన్ చేరిన సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. ద్రావణంలో ఏర్పడే నీలిరంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. 1925లో ‘జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ’లో వెలువడిన ఆ వ్యాసం జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా ఉల్లేఖింపబడిన వాటిలో ఒకటి. పద్ధతిని వాడిన ప్రతివారూ దాని మూలాన్ని పేర్కొనవలసి ఉండడమే ఇందుకు కారణం. 2014లో ‘నేచర్’ పత్రిక లెక్కించినప్పుడు మూడు లక్షలకు పైగా ఉల్లేఖనలతో ప్రథమస్థానంలో నిలిచినది కూడా, ప్రోటీన్లను కొలిచే పద్ధతిపై 1951లో లౌరీ బృందం రాసిన వ్యాసమే.

ఆ కొలత ఆధారంగానే ఫిస్కే, సుబ్బారావులు కండరాలలో 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా ఏటీపీని కనుగొన్నారు. నేడు ఏటీపీ పేరెత్తే వ్యాసాలు అసంఖ్యాకం. 1929 నాటి మూలాన్ని పేర్కొనేవి అరుదు. పాఠ్యపుస్తకంలోకి ఎక్కిన సత్యానికి ఎవరూ ఆధారం చూపరు. కృషి ఎంత లోతుగా ఇంకిపోతే, కర్త పేరు అంతగా మరుగున పడుతుందని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ గమనించారు.

1940లో సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలకు మారారు. అక్కడ ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ సోకిన 16 మంది పిల్లలకు ఇచ్చి, పదిమందిలో మెరుగుదల చూశారు. క్యాన్సర్ చికిత్సను మలుపు తిప్పిన ఆ 1948 నాటి వ్యాసానికి ఐదుగురు రచయితలు. వారిలో సుబ్బారావు లేరు. ఆ వ్యాసాన్ని ఎందరు ఉల్లేఖించినా ఆయన ఖాతాలో ఒక్కటీ చేరదు.

హోర్హే హిర్ష్ 2005లో ప్రతిపాదించిన హెచ్-సూచిక కూడా ఈ లోటును తీర్చదు. కనీసం 20 ఉల్లేఖనలు పొందిన వ్యాసాలు 20 ఉంటే సూచిక 20. వాటిలో ఒకటి పదివేలసార్లు ఉల్లేఖింపబడినా సూచిక కదలదు. పత్రిక ప్రతిష్ఠను బట్టి పరిశోధకుని విలువ కట్టవద్దని ఫ్రీమాంట్‌కు చేరువలోని శాన్ ఫ్రాన్సిస్కోలో 2012లో శాస్త్రజ్ఞులు రూపొందించిన ప్రకటన కోరింది.

కాబట్టి దరఖాస్తులో అంకెను ఒంటరిగా నిలబెట్టకూడదు. అదే రంగంలో, అదే ఏట వెలువడిన వ్యాసాలతో దానిని పోల్చాలి. ఆ పనిని ఎవరు, దేనికి వాడుకున్నారో, దానివల్ల ఏ ప్రయోగం లేదా ఏ చికిత్స మారిందో వివరించాలి. భాస్వరపు కొలతకు దక్కిన ఉల్లేఖనలను మాత్రమే చూసినవారికి, ఆ పిల్లల కథలో సుబ్బారావు కనిపించరు.