అనంత ఎండకు కళ్లెం!

అనంతపురంలో వానకు కరవు కానీ ఎండకు కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షం పడే ఈ నేలమీద రైతు మబ్బు కోసం ఎదురుచూస్తాడు. అదే మబ్బును చూసి అప్రమత్తం కావాల్సిన యంత్రాలూ ఈ జిల్లాలో ఉన్నాయి. మేఘా ఇంజినీరింగ్ సంస్థ 2014లో నాగలాపురంలో నిర్మించిన 50 మెగావాట్ల సౌర థర్మల్ విద్యుత్ కేంద్రం అలాంటిదే.

ఇళ్లమీద కనిపించే సోలార్ పలకలు కావివి. దోనెలా వంపు తిరిగిన పొడవాటి అద్దాలు. ఎండనంతా మధ్యలోని గొట్టం మీదకు మళ్లిస్తాయి. గొట్టంలో పారే నూనె దాదాపు 390 డిగ్రీలకు కాగుతుంది. ఆ వేడికి నీరు ఆవిరై టర్బైన్‌ను తిప్పుతుంది.

మంట తగ్గించేదెలా?

మామూలు బాయిలర్‌లో మంట ఎక్కువైతే తగ్గించుకోవచ్చు. సూర్యుణ్ని తగ్గించలేం కదా! ఇలాంటి కేంద్రాల్లో ఆ పని కంప్యూటర్లది. పొద్దుతోపాటు అద్దాలను తూర్పు నుంచి పడమరకు తిప్పుతాయి. మబ్బు కమ్మితే నూనె ప్రవాహాన్ని తగ్గిస్తాయి, ఎండ ముదిరితే పెంచుతాయి. వేడి 400 డిగ్రీలు దాటేలా ఉంటే అద్దాలను కాస్త పక్కకు తిప్పేస్తాయి. లేకపోతే నూనె పాడవుతుంది.

చమురు బావికీ ఇదే మంత్రం

కొన్నిచోట్ల భూమిలోని చమురు పాకంలా చిక్కగా ఉంటుంది. ఆవిరి పంపి పలుచన చేస్తేగానీ పైకి రాదు. మనవాళ్లు బతుకుదెరువు కోసం వెళ్లే గల్ఫ్‌లోనే, ఒమన్‌లోని అమల్ క్షేత్రంలో 2013లో అద్దాల సాయంతో రోజుకు సగటున 50 టన్నుల ఆవిరి తయారుచేశారు. దుమ్ము పడకుండా అద్దాలను గాజు ఇంట్లో ఉంచారు. దాని పైకప్పును కడిగేదీ యంత్రమే! 2017లో అక్కడే ‘మిరా’ అనే పెద్ద ప్రాజెక్టు నుంచి ఆవిరి మొదలైంది. ఆవిరి తక్కువైతే చమురు కదలదు, ఎక్కువైతే ఇంధనం దండగ. అందుకే బావికెంత పంపాలన్నదీ మీటర్లు, వాల్వులే చూసుకుంటాయి.

నీళ్ల మాటేమిటి?

టర్బైన్‌ను తిప్పిన ఆవిరిని చల్లార్చి నీటిని మళ్లీ వాడుకోవచ్చు. చమురు బావిలో అది భూమిలోకి వెళ్తుంది. చమురుతోపాటు పైకొచ్చిన నీటిని శుద్ధి చేస్తేనే మళ్లీ పనికొస్తుంది. సౌర కేంద్రంలోనూ అద్దాలు కడగడానికి నీళ్లు కావాలి, ఆవిరిని నీటితోనే చల్లారిస్తే ఇంకా ఎక్కువ కావాలి. గుక్కెడు నీటికీ లెక్క చూసుకునే సీమలో ఇది చిన్న విషయం కాదు. పైగా సోలార్ పలకలు చవకయ్యాయి, వాటికి ఆవిరితో పనే లేదు. ఒకప్పటి అనంతపురం జిల్లాలోని ఎన్‌.పి.కుంట సౌర పార్కులో పరిచింది ఆ పలకలనే. ఎండను కంప్యూటర్లు అదుపు చేస్తాయి సరే, నీళ్లు మాత్రం వానే ఇవ్వాలి!