డెల్టా భోజనంలో అన్నం వాటా

బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి, తెలుగువారి అన్నానికి కొలమానమైంది. తెనాలి, రేపల్లె మాగాణులలో ఈ సన్నబియ్యమే ఉదయం ఇడ్లీగానో అట్టుగానో, మధ్యాహ్నం, రాత్రి అన్నంగానో విస్తరిలోకి వస్తుంది. నాట్లు, కోతలు, నడక ఉన్నంతకాలం ఆ శక్తి ఖర్చయ్యేది. యంత్రాలు వచ్చిన తరువాత కూడ అదే కొలతలో తింటే మిగిలినది నడుము చుట్టూ చేరుతుంది.

భారత వైద్య పరిశోధన మండలి ‘ఇండియాబ్’ సర్వే (2023) ప్రకారం దేశంలోని వయోజనులలో 39.5 శాతం మందికి పొట్ట చుట్టూ కొవ్వు పేరుకొని ఉన్నది, 11.4 శాతం మందికి మధుమేహం. అదే సర్వే ఆహార వివరాలపై 2025లో వెలువడిన విశ్లేషణలో, మనం పొందే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుండే వస్తున్నదని తేలింది. బియ్యం స్థానంలో గోధుమనో చిరుధాన్యాలనో అంతే మోతాదులో తిన్నవారికి ముప్పు తగ్గినట్లు కనబడలేదు. మొత్తం శక్తిలో 5 శాతాన్ని పిండిపదార్థాలకు బదులు పప్పులు, పాలు, గుడ్లు, చేపల మాంసకృత్తులతో భర్తీ చేస్తే మధుమేహ ముప్పు తక్కువగా ఉన్నది. కనుక “అన్నం మాని జొన్నరొట్టె తినండి” అనే సలహా సగం సలహాయే. గ్లైసిమిక్ సూచిక తక్కువగా ఉన్న మెరుగైన సాంబ మసూరికీ ఇదే వర్తిస్తుంది. పళ్ళెం నిండా తింటే సూచిక తక్కువైన ప్రయోజనం చాలవరకు పోతుంది.

వీరమాచనేని రామకృష్ణ ప్రచారంతో కొవ్వు ప్రధానమైన కఠిన ఆహారవిధానం తెలుగునాట ఇంటింటి చర్చ అయింది. పిండిపదార్థాలు తగ్గిస్తే తొలి నెలల్లో బరువు తగ్గడం నిజమే. అయితే అమెరికాలో 609 మంది అధిక బరువు గల వయోజనులపై ఏడాదిపాటు జరిపి 2018లో ప్రకటించిన ప్రయోగంలో, కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థాలు తగ్గించినవారు 6.0 కిలోలు తగ్గారు. ఈ తేడా గణనీయం కాదు. ఏళ్ళ తరబడి పాటించగల పద్ధతే మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

అటువంటి పద్ధతికి కావలసినది మన మాగాణిలోనే ఉన్నది. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు పైరులో చల్లే మినుము ఈ ప్రాంతపు పాత పంట. పల్లాకు తెగులు, బంగారుతీగ బెడదతో అనేక చోట్ల మొక్కజొన్నకు చోటిచ్చింది. 50 గ్రాముల బియ్యానికి బదులు అంతే మినపపప్పు వాడితే పిండిపదార్థాలు సుమారు 39 గ్రాముల నుండి 26కు తగ్గుతాయి. మాంసకృత్తులు 4 నుండి సుమారు 12 గ్రాములకు పెరుగుతాయి. (ఇడ్లీని ఈ లెక్కలో చేర్చరాదు; అందులో రవ్వే ఎక్కువ.) నిజాంపట్నం చేపలు, ఇంటి పెరుగు, ఆకుకూరలు తోడైతే ఒక గరిటె అన్నం తగ్గించడం కష్టం కాదు.

ఇన్సులిన్ గాని, చక్కెరను తగ్గించే మాత్రలు గాని వాడుతున్నవారు అన్నాన్ని ఒక్కసారిగా తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మూత్రపిండ వ్యాధి ఉన్నవారు మాంసకృత్తులు పెంచరాదు. గ్రామసభలో ఈ సలహా ఇచ్చే ముందు, మందులు వాడుతున్నవారిని విడిగా గుర్తించి వైద్యుని వద్దకు పంపవలెను.