మీకు తెలుసా? కల్పన కాని రాకెట్లు

1990లో దూరదర్శన్‌లో మొదలైన ‘ది స్వోర్డ్ ఆఫ్ టిప్పు సుల్తాన్’ సీరియల్‌కు ‘ఇది కల్పిత కథ’ అన్న ప్రకటన జోడించాల్సి వచ్చింది. మైసూరు సైన్యం ప్రయోగించిన రాకెట్లు మాత్రం కల్పన కావు. సీరియల్‌కు ఆధారం భగవాన్ గిద్వానీ 1976లో ప్రచురించిన నవల.

ఈ రాకెట్ల ప్రత్యేకత ఇనుప గొట్టం. తారాజువ్వకు ఉండే కాగితపు గొట్టం ఎక్కువ ఒత్తిడికి పగిలిపోతుంది. ఇనుము తట్టుకుంటుంది కనుక మందుగుండును గట్టిగా దట్టించవచ్చు, రాకెట్ మరింత దూరం పోతుంది. గొట్టానికి పొడవాటి వెదురు బద్దనో, కత్తి అలుగునో కట్టేవారు. తెరపై చూపిన రాకెట్ ఎంత నిజమో అంచనా వేయడానికి ఈ గొట్టాన్ని, బద్దను చూడవచ్చు.

ఘనత అంతా టిప్పుకే కట్టబెట్టడం సరికాదు. 1780 సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గరి పొల్లిలూరులో మైసూరు సైన్యం చేతిలో బ్రిటిష్ సేనాని బెయిలీ దళం ఓడిపోయినప్పుడు మైసూరు పాలకుడు టిప్పు తండ్రి హైదర్ అలీ. రాకెట్ దళాన్ని ఆయన కూడా పెంచాడు. 1782లో చిత్తూరు సమీపంలోని విడిదిలో హైదర్ మరణించాడు.

1799లో టిప్పు రాజధాని శ్రీరంగపట్నం బ్రిటిష్ వారి వశమయ్యాక కొన్ని రాకెట్లు ఇంగ్లండు చేరాయి. వాటి ప్రేరణతో విలియం కాంగ్రీవ్ రూపొందించిన రాకెట్లను బ్రిటిష్ దళాలు 1807లో కోపెన్‌హాగన్‌పై ప్రయోగించాయి.

2018లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా నగరలో ఒక పాడుబావిని తవ్వితే టిప్పు కాలానివిగా గుర్తించిన వెయ్యికి పైగా రాకెట్లు బయటపడ్డాయి.