అమ్మగారూ, ఒకసారి సుత్తి ఇస్తారా?

వంటిల్లు సర్దుకుని, చెయ్యి తుడుచుకుని కాస్త కూర్చున్నారా? అయితే ఒక మాట అడుగుతాను. మీ ఇంట్లో స్క్రూడ్రైవరు ఇప్పుడు ఎక్కడుందో చెప్పగలరా? కుట్టుమిషను సొరుగులోనా, పోపులపెట్టె పక్కనా, లేక పోయిన నెల కుళాయి బాగుచెయ్యడానికి వచ్చిన అబ్బాయి సంచీలోనా?

మేము విజయనగరంలో ఉంటాం. మా ఇంటికి పనికి వచ్చే ప్రతి మనిషీ చేతులు ఊపుకుంటూనే వస్తాడు. వడ్రంగి సుత్తి అడుగుతాడు. కరెంటు పనివాడు స్టూలూ, టార్చిలైటూ అడుగుతాడు. కుళాయి మేస్త్రీ పాతగుడ్డతో మొదలుపెట్టి పానా దాకా వస్తాడు. ఒకాయన కిటికీ తలుపు సరిచెయ్యడానికి వచ్చి వరసగా సుత్తి, మేకులు, కొవ్వొత్తి ముక్క, కొబ్బరినూనె, చివరికి కాఫీ కూడా అడిగాడు. అన్నీ అందించాక మా అత్తగారు మెల్లగా, "నాయనా, మరి నువ్వేం తెచ్చావు?" అన్నారు. "పనితనం తెచ్చానండి" అన్నాడు. ఆవిడ నవ్వు ఆపుకోలేక ఇంకో గ్లాసు కాఫీ పోశారు.

నవ్వుకోవడం సరే. అసలిలా ఎందుకు జరుగుతుందో ఆలోచించామా? "కుళాయి కారుతోంది, ఓసారి రావయ్యా" అని కబురు పెడతాం. కారేది పిడి దగ్గరా, గోడ దగ్గరా అన్నది చెప్పం. అతను తోచిన రెండు వస్తువులు సైకిలుకి తగిలించుకుని వస్తాడు. ఆ పని అయీ అవకముందే మనం, "ఎలాగూ వచ్చావు కదా, ఈ పటానికి ఓ మేకు కొట్టి వెళ్ళు" అంటాం. కుళాయి పనికి వచ్చినవాడు సుత్తి ఎందుకు తెస్తాడు చెప్పండి? సగం అప్పులు ఈ "ఎలాగూ వచ్చావు కదా" దగ్గరే మొదలవుతాయి.

ఇంకో సంగతి కూడా ఉంది. పనివాడి పనిముట్టుకి సాధారణంగా ఒక్కటే పని. మన పొందూరు సన్నఖద్దరు సంగతే చూడండి. అక్కడ నూలు వడికే ఆడవాళ్ళు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకున్న సన్నని పళ్ళు దూదిలో చెత్తనంతా తీసేస్తాయి. ఆ దవడ ఒకసారి ఇస్తారా, మేకు కొట్టుకుని ఇచ్చేస్తాను అని ఎవరైనా అడుగుతారా? బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసదుంగను తొలిచి ఏకాండీగా వీణ తీసేవారి ఉలిని కొబ్బరికాయ కొట్టుకోవడానికి ఇమ్మంటే ఇస్తారా? ఇవ్వరు. కానీ మన ఇంటి సుత్తి కొబ్బరికాయా కొడుతుంది, బెల్లం దిమ్మా కొడుతుంది, మంచంకోడూ బిగిస్తుంది. ఎన్ని పనులకైనా వచ్చే వస్తువుని ఎవరైనా అడుగుతారు.

అడిగి తీసుకున్నది ఎలా తిరిగొస్తుందన్నదే మన బాధ. స్క్రూడ్రైవరుని ఉలిలా పెట్టి గోడ చెక్కితే దాని కొన మొద్దుబారుతుంది. ఆ తర్వాత అది మరలో సరిగ్గా కూర్చోదు. జారి జారి మర తలకాయనే అరగదీస్తుంది. కత్తెర రెండు ఆకులూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతేనే గుడ్డ తెగుతుంది. దాంతో ఇనుపతీగ కత్తిరిస్తే అంచులో నొక్కు పడుతుంది. మర్నాడు మీరు జాకెట్టు గుడ్డ కత్తిరించబోతే అక్కడికి వచ్చేసరికి గుడ్డ తెగకుండా మడత పడుతుంది. తాపీకి అంటిన సిమెంటు సంగతి మరీను. సిమెంటు ఆరి గట్టిపడేది కాదు, నీళ్ళతో కలిసి గట్టిపడేది. అందుకే అది బిగిశాక ఎన్ని బకెట్ల నీళ్ళలో నానబెట్టినా కరగదు. పని కాగానే, అక్కడే కడిగించాలి.

సుత్తి తల వదులైతే కొందరు పిడిని నీళ్ళ బకెట్లో పెడతారు. చెక్క ఉబ్బి అప్పటికి బిగుస్తుంది, నిజమే. ఆరిపోయాక మునుపటికంటే ఎక్కువ వదులవుతుంది. ఇంకోసారి ఎత్తినప్పుడు తల ఎగిరి ఎవరి తలమీదో పడవచ్చు. పిడి కొనలో సన్నని చెక్క చీలిక దిగగొట్టించడమే దానికి మందు.

మనది సముద్రం ఒడ్డు ప్రాంతం. ఉప్పుగాలికి తడి ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది. తిరిగొచ్చిన ప్రతి పనిముట్టునీ పొడిగుడ్డతో తుడిచి, రెండు చుక్కలు కుట్టుమిషను నూనె రాయండి. వంటనూనె రాయకండి, కొన్నాళ్ళకు జిగురు కడుతుంది. పిడికి గోళ్ళరంగుతో ఒక గీత గీసుకుంటే మనది ఏదో, అతనిది ఏదో తేలికగా తెలుస్తుంది. కబురు పెట్టేటప్పుడే ఉన్న పనులన్నీ చెప్పెయ్యండి. బట్టల కత్తెర మాత్రం, ఎవరు అడిగినా, లేదనే చెప్పండి. ఆ ఒక్క అబద్ధానికీ దోషం లేదు!

ఇంత జాగ్రత్త చెప్పిన నేనే ఒకసారి తలవంచుకున్నాను. అదీ వినండి.

మా వీధికి వచ్చే ఒక ముసలి వడ్రంగి ఆరు నెలలపాటు ప్రతిసారీ మా సుత్తే అడిగి పట్టుకెళ్ళేవాడు. అది మా మామగారి నాటిది. "మా సుత్తికి రెండు కాపురాలు" అని నేను పక్కింటి వదినగారితో చెప్పి నవ్వేదాన్ని. ఆ ఏడు దసరా మర్నాడు పొద్దున్నే వచ్చి సుత్తి నా చేతిలో పెట్టాడు. తలకి పసుపు, కుంకుమబొట్టు. పిడిలో కొత్త చీలిక.

"రాత్రి పూజలో ఎట్టినానమ్మగోరూ. ఇంటికాడ ఇనప సామానంటే ఇదొక్కటే ఉండిపోనాది" అన్నాడు.

"అదేమిటయ్యా, నీ సంచీ ఏమయింది?" అన్నాను.

"మా గుంటడు పనికని అయిదరాబాదు ఎల్లినాడు గదమ్మా. కొత్త ఊరు. ఒట్టి సేతులతోటి ఎల్తే పన్లో ఎవులెట్టుకుంటారు? ఆడికిచ్చీసినాను."

నాకు మాట రాలేదు. శ్రీకాకుళం నుంచీ, విజయనగరం నుంచీ పనికోసం దూరాలు వెళ్ళేవాళ్ళని మన రైల్వేస్టేషన్లలో ఎన్నిసార్లు చూడలేదు! వాళ్ళ భుజాన వేలాడే ఆ బరువైన సంచీ ఏ ఇంటి చూరు కింద నుంచి వచ్చిందో, దాన్ని ఇచ్చేసినవాడు ఆ మర్నాడు దేనితో పని చేసుకున్నాడో నాకెప్పుడూ తోచలేదు. ఆ చేతులు ఊపుకుంటూ వచ్చిన మనిషిని చూసి నేను నవ్వాను.

"ఈ సుత్తి నువ్వే ఉంచుకో" అన్నాను.

అతను తల అడ్డంగా ఊపాడు. "వద్దమ్మగోరూ. ఉంచీసుకుంటే మల్లీ మీ ఇంటికి ఏటని వస్తాను?"

సుత్తి మా ఇంట్లోనే ఉంది. అతను అడుగుతూనే ఉన్నాడు, నేను ఇస్తూనే ఉన్నాను. పిడి మాత్రం ఇంతవరకు వదులు కాలేదు. ఈసారి మీ గుమ్మంలో ఎవరైనా సుత్తి అడిగితే, నవ్వొస్తే నవ్వండి, తప్పులేదు. నవ్వాక, "మరి నీది ఏమయింది నాయనా?" అని కూడా ఒక మాట అడగండి. ఒక్కొక్కప్పుడు మరిచిపోయి వచ్చానంటాడు. ఒక్కొక్కప్పుడు వేరే జవాబు వస్తుంది.