పట్టానంతర పరిశోధకులు – వారి కాలావధి

విశ్వవిద్యాలయములయందు “పోస్టు డాక్టరలు” అను నొక వ్యవహారము కలదు. డాక్టరు పట్టమును బొంది, ఆచార్యపదవి నింకను బొందక, వేతనముపైఁ బరిశోధన సేయు వారికిది పేరు. ఈ పదము పనిని జెప్పదు, అంతస్తును జెప్పదు. “పిమ్మట” నను కాలమును మాత్రమే చెప్పును. పిమ్మట నన్నది సరియే, దేనికి ముందో తెలియదు. వీరి స్థితి కంతకు నీ పేరే సూచకమని నాకుఁ దోఁచుచున్నది.

మన దేశమునఁ బ్రభుత్వనిధులపైఁ బనిచేయు నిట్టివారిని “రీసెర్చి అసోసియేటు” లందురు. కేంద్రప్రభుత్వపు శాస్త్రసాంకేతికశాఖ 2023లో సవరించిన పద్ధతిలో వీరు మూఁడు తరగతులు. వేతనము నెలకు వరుసగా 58,000, 61,000, 67,000 రూపాయలు. ఇంటియద్దె భత్యము వేఱు. ఇది యల్పమని నే ననను. చిక్కు కాలమున నున్నది. పథకము ముగిసిన దినముననే యుద్యోగమును ముగియును.

జర్మనీదేశమున నీ కాలమునకు శాసనమే కలదు. 2007లో వచ్చిన యా శాసనమును బట్టి పరిశోధకుని డాక్టరు పట్టమునకు ముందాఱేండ్లు, పిమ్మట నాఱేండ్లు, వైద్యశాస్త్రమునందైనచోఁ బిమ్మటఁ దొమ్మిదేండ్లు, గడువుగల యొడంబడికపై నియమింపవచ్చును. బిడ్డలు గలవారి కొక్కొక బిడ్డకు రెండేసి యేండ్లు పొడిగింపవచ్చును. వెలుపలి నిధి దొరకెనా, పిదపను గొనసాగవచ్చును. లేకున్న స్థిరపదవియో, నిష్క్రమణమో. ఎల్లకాలము తాత్కాలికులై యుండరాదని చేసిన నియమము పలువురకు వెలుపలికిఁ బోవు ద్వారమైనది. 2018లో నచ్చటి విద్యాపరిశోధనశాఖ “హన్నా” యను కల్పితపాత్రతో నొక చిత్రమును వెలువరించి, క్రొత్తవారికిఁ జోటు గలుగుటకై పాతవారు కదలవలెనని యీ పద్ధతిని సమర్థించెను. 2021లోఁ బరిశోధకులు వేలకొలఁదిగా “నేనే హన్నాను” అని బహిరంగముగాఁ బలికిరి.

శాస్త్రభేదమున నీ బాధ రూపు మాఱును. రసాయన జీవశాస్త్రములందు యంత్రములును ద్రవ్యములును నాచార్యుని యధీనములు. పరిశోధకుఁ డాయన నిధికిఁ గట్టుపడినవాఁడు, ఆయన యోగ్యతాపత్రము లేక వేఱొకచోటికిఁ బోవుట దుర్ఘటము. వ్యాకరణమున ననుబంధములు గలవు గదా. ప్రత్యయము నంటి వచ్చి, కార్యమును నిర్వహించి, లోపించును. సిద్ధరూపమున నవి కానరావు. వీరి సంగతియు నంతియే.

భాషాసాహిత్యములందు విషయము నెన్నుకొను స్వాతంత్ర్యము కొంత యెక్కువ. కాని పదవులు తక్కువ, పనియు నేండ్ల లెక్కకు లోఁబడదు. పూనాలోని డెక్కన్ కళాశాలయందలి సంస్కృతనిఘంటువు 1948లో నారంభింపఁబడఁగా మొదటి సంపుటము 1976లో వెలువడెను. ఇట్టి పనిలో రెండేండ్ల యొడంబడికతోఁ జేరినవాఁడు ప్రయోగపుఁ జీటీలను పరిష్కరించు నేర్పు పట్టుపడు నప్పటికి వెడలిపోవలయును; వాని వెనుక వచ్చినవాఁడు మరల మొదటినుండి నేర్చుకొనును. ఇట్లు వ్యయమగు కాలమును నిధుల నిచ్చువారు తమ లెక్కలలోఁ జేర్చుట నే నెన్నఁడును జూచి యెఱుఁగను. ఒక్క స్థిరపదవి యున్నను నా శిక్షణ యొకచోట నిలుచును.